గడప మీద వెలుతురు

పొద్దున లేవగానే సుహాస నా కుడిచేయి అందుకుని చూపుడువేలు తడిమేది. అక్కడ కత్తిపీట కోసిన పాత గాటు ఒకటుంది. అది దొరికాకే "అమ్మా" అనేది. నేను ముందే మాట్లాడితే ఈ తడుముకోవడం అక్కర్లేదు, గొంతు వినగానే గుర్తుపడుతుంది. కానీ నేను కావాలనే నోరు మెదపకుండా కూర్చునేదాన్ని. నా ముఖంకేసి చూసే ఆ చూపులో ఏదైనా కదులుతుందేమోనని. ఏమీ కదిలేది కాదు. బస్సులో ఎదురు సీటులో కూర్చున్నావిడను చూసినట్టు చూసేది.

ఏడేళ్ళ పిల్ల. పోయిన వానాకాలంలో మెదడువాపు జ్వరం వచ్చి పదహారు రోజులు ఆసుపత్రిలో ఉంది. ప్రాణం దక్కింది, నడక దక్కింది, మాట దక్కింది, రెండో తరగతి ఎక్కాలు కూడా దక్కాయి. ముఖాలు మాత్రం పోయాయి. కళ్ళు, ముక్కు, నోరు విడివిడిగా కనిపిస్తాయి. అవన్నీ కలిస్తే ఎవరో తెలియదు. అద్దంలో తనను తాను చూసుకుని "ఈ పాప గౌను నా గౌను లెక్కనే ఉంది" అన్న రోజు మా ఆయన రాజేందర్ స్నానాల గదిలోకి పోయి, నల్లా విప్పుకుని, చాలాసేపు బయటికి రాలేదు.

ప్రణీత నా యారాలు, మా మరిది భార్య. హనుమకొండలో మా ఇంటి పై అంతస్తులోనే ఉంటారు. పెళ్ళయి తొమ్మిదేళ్ళు. పిల్లల మాట మా ఇంట్లో ఎవరూ ఎత్తరు. ఆమె మెదడు మీద పరిశోధన చేసే ల్యాబులో పనిచేస్తుంది. ఒకరోజు నేను పప్పుకు పోపు పెడుతుంటే పక్కన వచ్చి నిలబడింది.

"అక్కా, దాని మొహాలు ఎటూ పోలేదు. లోపల్నే ఉన్నయి. తలుపు పెట్టుకొని కూసున్నయి, అంతే. ఆ తలుపు కొట్టాలె."

"దేంతోని?"

"వెలుతురుతోని."

నారింజ రంగు కలిసిన పసుపు వెలుతురు, ఒక ప్రత్యేకమైన లయలో మినుకుమంటూ కంట్లో పడితే, ముఖాలను పోల్చుకునే చోటు మళ్ళీ మేలుకుంటుందని ఆమె నమ్మకం. తోటి ఎలుకలను మరిచిపోయిన ఎలుకలు ఆ వెలుతురులో ఒకదాన్నొకటి గుర్తుపట్టాయట. దానికి 'పోలిక దీపం' అని పేరు కూడా పెట్టుకుంది. మనిషికైతే పెద్ద ఎల్ఈడీలు కావాలి. పరికరాలు తయారుచేసే ఇంజనీరు వేరే ఉద్యోగానికి వెళ్ళిపోయాడు.

"నేను ఎలుకలదాన్ని అక్కా, వైర్లదాన్ని కాదు," అంది దిగులుగా.

"నేను చేస్త."

"నువ్వా?"

"బీఎస్సీ ఎలక్ట్రానిక్స్ ఊకెనే చదివిన్నా? నీ పెళ్ళిల సీరియల్ బల్బులు ఆరిపోతే ఎవరు బాగుచేసిన్రు అనుకున్నవ్?"

"నా పెళ్ళిల నేనెట్ల చూస్తనే! తల వంచుకొని కూసున్న కదా," అని నవ్వింది.

డాక్టర్ల సంతకాలు, అనుమతులు అయ్యేసరికి చలికాలం గడిచింది. ఆలోపు నేను దీపం పని మొదలుపెట్టాను.

దీపానికి బుర్ర మైక్రోకంట్రోలర్. అగ్గిపెట్టెలో సగం ఉండే బోర్డు. ఎప్పుడు వెలగాలో ఎప్పుడు ఆరాలో సెకనులో వెయ్యో వంతు తేడా రాకుండా చెబుతుంది. అయితే దాని కాలి నుంచి, అంటే పిన్ను నుంచి, వచ్చేది మూడు పాయింట్ మూడు వోల్టులు, చీమంత కరెంటు. దీపంలోని ఎనిమిది ఎల్ఈడీలకు కావలసింది పన్నెండు వోల్టులు, దాదాపు రెండు ఆంపియర్లు. మధ్యలో ఒక ట్రాన్సిస్టర్ ఉండాలి, చిన్న మాట విని పెద్ద తలుపు తీసేది. ఎల్ఈడీలూ తీగలూ ఎవరైనా కలుపుతారు. ట్రాన్సిస్టర్‌ను ఎంచుకోవడమే అసలు పని.

చౌరస్తా దగ్గర విడిభాగాల దుకాణంలో అడిగితే "అందరు ఇదే తీస్కపోతరమ్మా" అని ఒకటి చేతిలో పెట్టాడు. దాని వివరాల కాగితం ఇంట్లో ఫోనులో తెరిచాను. మొదటి పేజీలోనే థ్రెషోల్డ్ వోల్టేజీ రెండు నుంచి నాలుగు అని ఉంది. కాలేజీలో మా మేడం దాన్ని తెలుగులో 'గడప వోల్టేజీ' అనేది. నేను కొన్నదాన్ని కొలిస్తే గడప రెండున్నర వచ్చింది. బోర్డు మీది చిప్పు ఇచ్చేది మూడు పాయింట్ మూడు. గడప దాటింది, ఇంకేం కావాలి? మా ఇంట్లో గడప తొక్కిన మనిషి ఇంట్లోకి వచ్చినట్టే లెక్క. ఎవరినైనా అక్కడ నిలబెట్టి మాట్లాడితే మా అత్తమ్మ ఊరుకునేది కాదు.

ఆ కాగితానికి రెండో పేజీ ఉంది. బియ్యంలో మట్టిగడ్డ కూడా వదలని దాన్ని, పేజీ తిప్పలేదు.

*

మార్చిలో దీపం ముందు కూర్చోవడం మొదలైంది. ల్యాబులో కిటికీలు లేని ఒక గది. సుహాస కుర్చీలో, దానికి ఎదురుగా చెయ్యి చాపితే అందేంత దూరంలో నేను. దీపం నా తల పక్కనుంచి మా ఇద్దరి మీదా పడేది. ప్రణీత వెనకాల. పది నిమిషాలు ఎవరూ మాట్లాడకూడదు, గొంతు వింటే పిల్ల ముఖం చూడటం మానేస్తుంది. నా చేతులు ఖాళీగా ఉండలేవని ఒళ్ళో మల్లెమొగ్గలు పెట్టుకుని మాల కట్టేదాన్ని. అయ్యాక నోటుబుక్కులో నిమిషం నిమిషం పిల్ల ఎలా ఉందో రాసేదాన్ని. దాని పక్కనే నాకు కనిపించినవి కూడా రాశాను. మొదటి నిమిషం: మొగ్గల తెలుపు ఒక్కటే. మూడో నిమిషం: తొడిమ పచ్చదనం వేరుగా తెలిసింది. అయిదో నిమిషం: దారం ముడి. ఎనిమిది: నా అరచేతి గీతలు.

"వెలుతురు మెల్లగ పెరుగుతుంది ప్రణీతా," అన్నాను.

"పెరగదక్కా. చీకట్ల కూసుంటే కళ్ళు అలవాటు పడతయ్. అందుకే అట్ల అనిపిస్తది."

నిజమే కదా అనుకున్నాను. రాయడం మాత్రం మానలేదు.

నాలుగో రోజు ఎనిమిదో నిమిషంలో సుహాస కళ్ళు నా ముఖం మీద ఆగాయి. నుదుటి నుంచి గడ్డం దాకా ఒకసారి దిగి, మళ్ళీ పైకి వెళ్ళాయి.

"అమ్మా, నీ ముక్కుపుల్ల ఏది?"

ఆసుపత్రిలో ఉన్నప్పుడు తీసి డబ్బాలో వేసిన ముక్కుపుల్ల. మళ్ళీ పెట్టుకోవాలని నాకే తోచలేదు. చేతిలో మాల జారిపోయింది. ప్రణీత వెనకనుంచి నా భుజం గట్టిగా పట్టుకుంది. మాట్లాడొద్దని.

దీపం ఆరాక రెండు నిమిషాలు నిలిచింది ఆ గుర్తు. ఇంటికి వెళ్ళేదారిలో ఆటోలో మళ్ళీ నా వేలు తడిమింది.

అలా రెండు నెలలు. రోజుకు రెండు నిమిషాలు నా బిడ్డకు నా ముఖం తెలిసేది. ఆ రెండు నిమిషాల కోసం మిగతా రోజంతా వంటా, బట్టలూ, అంట్లూ ఏం చేశానో గుర్తుండేది కాదు.

*

మే నెల మధ్యలో ఒక మధ్యాహ్నం ల్యాబులో కరెంటు పోయింది. దీపం బ్యాటరీ మీద నడుస్తుంది కాబట్టి ఆపలేదు. ఏసీ లేదు, గది పొయ్యిలా ఉంది. "ఇయ్యాల పన్నెండు నిమిషాలు చూద్దామక్కా," అంది ప్రణీత. వద్దనలేదు. నాకూ ఆశే.

పదో నిమిషం దాటగానే వెలుతురు ఒక్కసారిగా ఎక్కడం మొదలుపెట్టింది. ఈసారి కళ్ళ భ్రమ కాదు. కాలిన ప్లాస్టిక్ వాసన వచ్చింది. నేను బ్యాటరీ తీగ పీకడానికి లేచి వెనక్కి తిరిగాను. దీపం ఎక్కడ పేలుతుందోనని ప్రణీత ముందుకు దూకి, రెండు చేతులతో పిల్ల తల పట్టుకుని, తన ముఖం అడ్డం పెట్టింది. గది అంతా మిట్టమధ్యాహ్నం అయింది. నలభై సెకన్లు ఉంటుందేమో, మండుతున్న తీగ నా చేతికి చిక్కడానికి. ఆ తర్వాత చీకటి.

ఆ చీకట్లో సుహాస "అమ్మా" అంది. ఎవరి వేలూ తడమలేదు.

మర్నాడు పొద్దున పైనుంచి ప్రణీత మెట్లు దిగుతోంది. ఇంకా నోరు తెరవలేదు. సుహాస ఆమెను చూసింది, చూస్తూనే ఉరికింది, నడుము చుట్టేసింది.

"అమ్మా!"

ప్రణీత రెండు చేతులూ గాల్లో ఆగిపోయాయి. నేను వంటింటి గుమ్మంలో గరిటె పట్టుకుని ఉన్నాను.

"బిడ్డా, ఆమె చిన్నమ్మ," అన్నాను.

నా గొంతు విని ఇటు తిరిగింది. "నువ్వు మాట అమ్మ," అంది ఎంతో ఓపికగా, నాకే తెలియదన్నట్టు. "ఈమె మొహం అమ్మ."

వారం గడిచింది, ఆ గుర్తు పోలేదు. బడిలో, బజారులో, ఫొటోలో కూడా ప్రణీత ముఖం కనిపిస్తే అమ్మే. ఆమె కిందికి రావడం తగ్గించేసింది. వచ్చినా మెట్ల మీదినుంచే "చిన్నమ్మను వస్తున్న" అని అరుస్తూ దిగేది. ఒకరోజు నేను డాబా మీద బట్టలు ఆరేస్తుండగా సుహాస పైకి వచ్చి, కిటికీలోంచి ఆమెను చూసి "అమ్మా" అంది. లోపల ప్రణీత ఒక్కతే ఉంది. నేనున్న సంగతి తెలియదు. చాలా చిన్నగా, "ఊఁ" అంది.

ఆ "ఊఁ" విన్నాక నాకు కోపం రావాలి. వచ్చింది కూడా. తడి చీర పిండుతూ పిండుతూ, అది ఎవరి మీదో తేల్చుకోలేకపోయాను.

*

దీపం విప్పాను. ట్రాన్సిస్టర్ నల్లటి ముఖం పగిలి ఉంది. అప్పుడు రెండో పేజీ చదివాను. చదివి, ప్రణీతను కూర్చోబెట్టి చెప్పాను.

"గడప అంటే లోపలికి వచ్చినట్టు కాదు ప్రణీతా. అక్కడ అది తెరుసుకునుడు మొదలువెడతది, అంతే. బార్లా తెరవాలంటే దీనికి పది వోల్టులు కావాలె. మనం ఇచ్చింది మూడు. ఇన్ని రోజులు అది గడప మీదనే నిలబడ్డది. సగం తెరిసిన తలుపుల నుంచి కరెంటు ఒరుసుకుంట పోతే వేడెక్కింది. వేడెక్కితే దాని గడప తగ్గుతది. తగ్గితే ఇంకింత కరెంటు, ఇంకింత వేడి. అందుకే వెలుతురు మెల్లమెల్లగ పెరిగింది. ఆనాడు ఎండకు పట్టు తప్పింది."

ప్రణీత ఆ పగిలిన ముక్కను వేలితో దొర్లించింది.

"అంటే పనిచేసింది నా లయ ఒక్కటే కాదు."

"లయ ఉన్నది. దాంతోపాటు ఆ పెరుగుడు కూడ. రోజూ సగం దాక ఎక్కి ఆగిపోయింది, అందుకే రెండు నిమిషాలే నిలిచింది. ఆనాడు కొస దాక ఎక్కింది."

"కొసకు నా మొహం ఉన్నది." తల పట్టుకుంది. "లయతోనే అయిందని ల్యాబుల రాసిచ్చిన అక్కా. వచ్చే నెల ఇంకో ఆరుగురు పిల్లలను తీసుకుంటమన్నరు. ఇప్పుడు ఏమని రాయాలె?"

"మా యారాలు పేజీ తిప్పలేదని రాయి."

నవ్వబోయి ఏడ్చింది. ఆ రాత్రే ల్యాబుకు ఉత్తరం రాసింది, ఫలితం ఒక పొరపాటు వల్ల వచ్చిందని, ఆరుగురి సంగతి ఆపమని. రెండేళ్ళ పని. పంపే ముందు నాకు చదివి వినిపించింది. అందులో నా పేరు లేదు, "మేము పొరపాటు చేశాం" అని ఉంది.

నేను ఈసారి ప్రతి పేజీ చదివి ఇంకో ట్రాన్సిస్టర్ తెప్పించాను. రెండున్నర వోల్టులకే బార్లా తెరుచుకునే రకం. గంటసేపు వెలిగించినా చెంపకు ఆనించుకోవచ్చు, అంత చల్లగా ఉంది. బోర్డు మేలుకునేలోపు తనంతట తాను తెరుచుకోకుండా దానిలో మాట వినే గేటు కాలికీ బ్యాటరీ నెగెటివ్ తీగకూ మధ్య ఒక రెసిస్టర్ కూడా వేశాను. వెలుతురు ఒక్కసారే నిండుగా వచ్చింది. సుహాస కళ్ళు చికిలించింది. పది నిమిషాలూ నా ముఖాన్ని గోడను చూసినట్టు చూసింది. సాయంత్రం తలనొప్పి అని పడుకుంది.

మంచి ట్రాన్సిస్టర్‌కు ఆ మెల్లగా పెరిగే పని రాదు. ఎలా పెరగాలో ఇప్పుడు చిప్పుకే చెప్పాలి, ప్రతి మినుకులో కొంచెం కొంచెంగా వెలిగే సమయం పెంచుకుంటూ పొమ్మని. కానీ ఎంత కొంచెం? అదే రకం ఇంకో పది కొన్నా ఒక్కోదాని గడప ఒక్కో చోట. కాలిపోయింది కాలిపోయింది.

"అది ఎట్ల ఎక్కిందో ఎవరు కొలిచిన్రు?" అంది ప్రణీత.

నేను లోపలికి పోయి నోటుబుక్కు తెచ్చి ఆమె ముందు పెట్టాను. మొగ్గల తెలుపు, తొడిమ పచ్చదనం, దారం ముడి, అరచేతి గీతలు. యాభై మూడు రోజులవి. ప్రణీత పేజీలు తిప్పుతూ పోయింది. ఒక చోట ఆగి, "నేను కళ్ళ భ్రమ అన్న కదా," అంది.

మల్లెల కాలం అయిపోవచ్చింది. దొరికిన మూర కొని, మొగ్గలు విప్పి, అదే గదిలో అదే కుర్చీలో కూర్చున్నాను. అవే కళ్ళు, అదే చీకటి. ఆమె కంప్యూటరు దగ్గర కూర్చుని వెలుతురు రవ్వంత రవ్వంత పెంచింది.

"ఇంకొంచెం... ఆగు. ఇగో, తొడిమ కనవడ్డది. మూడో నిమిషం రాసుకో."

"ఇంతేనా?"

"ఎక్కువైంది, వెనక్కి. ఆఁ, ఇది."

మూడు రోజులు పట్టింది. చివరి నలభై సెకన్లకు నోటుబుక్కులో ఏమీ లేదు. అవి మా ఇద్దరి కళ్ళల్లోనే ఉన్నాయి, కళ్ళు మూసుకుని చెప్పుకున్నాం.

అంతా అయ్యాక అసలు ప్రశ్న మిగిలింది. నా ముఖం చేరితే ప్రణీత ముఖం ఏమవుతుంది? పక్కన ఉంటుందా, చెరిగిపోతుందా? ఎవరికీ తెలియదు. ఎలుకలను అడిగితే చెప్పవు.

"పోతే పోనియ్యి అక్కా," అంది ప్రణీత, కంప్యూటరు మీదినుంచి కళ్ళు ఎత్తకుండా. "నాది కానిది నా దగ్గర ఎందుకు?"

*

ఆ రోజు తలుపు అవతలే ఉండిపోయింది ప్రణీత. లోపల నేనూ సుహాసా. ఒళ్ళో మల్లెలు లేవు. నా చేతులకు చేసేందుకు ఏమీ లేక మోకాళ్ళ మీద పెట్టుకున్నాను.

వెలుతురు మొదలైంది. మూడు, అయిదు, ఎనిమిది. కళ్ళు నా ముఖం మీదికి వచ్చాయి, ఆగలేదు, పక్కకు పోయాయి, మళ్ళీ వచ్చాయి. పదో నిమిషం దాటాక గది ఒక్కసారిగా తెల్లవారింది. నవ్వుతూ ఉండాలని ఇంటి దగ్గరే అనుకుని వచ్చాను. నవ్వానో లేదో తెలియదు.

సుహాస కుర్చీలోంచి ముందుకు వంగింది. చెయ్యి ఎత్తింది, వేలి కోసం కాదు. నా చెంప మీద పెట్టింది.

"నువ్వేనా మాట అమ్మవి?"

మాట్లాడకూడదు. దీపం ఆరేదాకా మాట్లాడకూడదు. తల ఊపాను.

దీపం ఆరింది. రెండు నిమిషాలు గడిచాయి, అయిదు, పదిహేను. పిల్ల నన్నే చూస్తోంది. తలుపు తీసి బయటికి తీసుకొచ్చాను. గోడకు ఆనుకుని ప్రణీత నిలబడి ఉంది. సుహాస ఆమెను చూసింది. బస్సులో ఎదురు సీటులో కూర్చున్నావిడను చూసినట్టు చూసి, నా కొంగు వెనక్కి జరిగింది.

ప్రణీతకు అర్థమైంది. "మంచిగయింది అక్కా," అంది. ఆ గొంతు విన్నాక గానీ సుహాస "చిన్నమ్మా" అనలేదు.

మరో వారం చూశాను. పొద్దున లేవగానే నా ముఖం చూసి అమ్మా అంటోంది. నేను నోరు మెదపకపోయినా. ఆనందం అంటే ఏమిటో నాకు తెలుసు ఇప్పుడు. దాంతోపాటు, పై అంతస్తులో ఎవరో మెట్ల దాకా వచ్చి, దిగకుండా వెనక్కి పోవడం కూడా వినిపిస్తోంది.

ఆదివారం నేనే పైకి వెళ్ళాను.

"రేపు కుర్చీల నువ్వు కూసో."

"నేనా? ఎందుకక్కా? మళ్ళ నన్ను చూసి అమ్మ అంటే?"

"ఈసారి దానికి అమ్మ మొహం తెలుసు. నిన్ను ఏమనాలో అదే చూసుకుంటది."

"నీ మొహం పోతే?"

ఆ భయం నాకు లేదనలేను. రెండు రాత్రులు దానితోనే పడుకున్నాను. "పోతే మళ్ళ నేను కూసుంట. దీపం ఉన్నది, ట్రాన్సిస్టర్ చల్లగున్నది. నోటుబుక్కుల పేజీలు నువ్వు తిప్పినట్టు, కుదిరేదాక తిప్పుతనే ఉంటం."

ఆమె గ్లాసుతో నాకు నీళ్ళు తెచ్చి పెట్టింది. తర్వాత అడిగింది: "ఏ మొహం పెట్టుకొని కూసోవాలె అక్కా? నవ్వాల్నా? అదే నిలిచిపోతది కదా."

"నీకు ఏది వస్తే అది."

మర్నాడు మీట నేనే నొక్కాను. తలుపు వేసి బయట నిలబడ్డాను. మూడు నిమిషాలు. అయిదు. నోటుబుక్కులో రాయడానికి నాకేమీ కనిపించడం లేదు. ఎనిమిది. పది. తలుపు కింది సందులోంచి పసుపు వెలుతురు ఒక్కసారిగా నా కాళ్ళ మీదికి పాకింది.

లోపల ప్రణీత ఏమీ మాట్లాడకముందే సుహాస గొంతు.

"చిన్నమ్మా, నువ్వు ఎందుకు ఏడుస్తున్నవ్?"

ఇంకో క్షణం ఆగి, ఈసారి గట్టిగా, తలుపు ఇవతల ఉన్న నా కోసం:

"అమ్మా! చిన్నమ్మ ఏడుస్తుంది, జెల్ది రా!"

దీపం ఇంకా ఆరలేదు. ఆరేదాకా వెళ్ళకూడదు, నా ముఖం అడ్డం పడుతుంది. తలుపు మీద చెయ్యి పెట్టి, "వస్తున్న బిడ్డా, ఏడ్వనియ్యి," అన్నాను.